చార్మినార్ ద్వారంలో ఒక అక్షరం

హైదరాబాద్ నిజాం నాటి హాలీ సిక్కా రూపాయీ, నీకు దండం.

సైఫాబాద్ టంకశాల 1903లో మొదలైంది. ఎలగందుల జిల్లా 1905లో కరీంనగర్ పేరు తొడుక్కుంది. ఆ కాలపు బిడ్డవి నువ్వు. ఒంటిమీద చార్మినార్, చుట్టూ ఆసఫ్ జాహీ బిరుదులు, మహమ్మద్ నామానికి గుర్తుగా 92. వెనకవైపు టంకశాల పేరు, నిజాం పాలనలో ఎన్నో ఏడో చెప్పే అంకె. 11.18 గ్రాముల బరువులో నూటికి 82 పాళ్ల వెండి. ప్రాణహిత దాటి సిరొంచ గడ్డ మీద కాలు పెడితే నీ మాట చెల్లేది కాదు, అక్కడ బ్రిటిష్ రూపాయి కల్దార్‌ది రాజ్యం. ఏడు హాలీ బిళ్లలు లెక్కపెడితే ఆరు కల్దార్లు. ఏటి రెండు ఒడ్డుల బేరమంతా ఆ లెక్క మీదే నడిచింది.

నిన్ను దగ్గరగా చూసినవారికే నీ రహస్యం దొరుకుతుంది. చార్మినార్ ద్వారంలో ఒక చిన్న అక్షరం ఉంది. నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాటి బిళ్లకు అది మీమ్, ఆయన పేరు తొలి అక్షరం. 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక అది ఆయన పేరు మొదలయ్యే ఐన్. ఆ ఐన్ కూడా కొన్నింట పొట్టిగా, కొన్నింట నిండుగా ఉంటుంది. ఒక పాలన ముగిసి మరో పాలన మొదలైన సంగతి ఆవగింజంత చోటులో ఇమిడింది.

జపాన్ వెండి యెన్‌ను ప్రేమించేవారికీ ఇలాంటి చూపే కావాలి. 1897లో ఆ దేశం బంగారు ప్రమాణానికి మారినప్పుడు, యెన్‌ల మీద వెండి అని చెప్పే చిన్న గుండ్రటి ముద్ర కొట్టారు. ఎడమన ఉంటే ఒసాకాది, కుడిన ఉంటే టోక్యోది. ఎక్కడి వెండైనా తన పుట్టుపూర్వోత్తరాలు అంత సన్నగానే చెప్పుకుంటుంది.

ఆదిలాబాద్ అడవిపల్లెల్లో గోండు, లంబాడా ఆడబిడ్డల మెడలో దండవై మెరిశావు. కష్టకాలంలో అమ్ముకునే ఆసరావూ నువ్వే. 1950లలో చెలామణి తప్పాక నీ తోబుట్టువులెందరో అవుసలాయన మూసలో కరిగిపోయారు. వెండితీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు తెచ్చిన కరీంనగర్‌లో వెండికి మరో జన్మ ఉంది. కానీ కరిగిన బిళ్లకు ఏడూ ఉండదు, అక్షరమూ ఉండదు.

నాణెం విలువ ఈ నేలకు కొత్త కాదు. గోదావరి ఒడ్డున కోటిలింగాల మట్టిలో దొరికిన చిన్న నాణేలే గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోపులనే రాజుల పేర్లను మనకు అందించాయి. శాతవాహనుల తొలి రాజు చిముకుడి పేరునూ అవే నిలబెట్టాయి. ఆ బిళ్లలను ఏరి దాచినవారు లేకపోతే మన చరిత్రకు ఆ తొలి పుటలే లేవు.

అందుకే నిన్ను చింతపండుతో తోమి తళతళలాడించను. కాలం పూసిన నలుపు నీ వయసు, అది నీకే ఉండనీ. తూచి, ఏడు చదివి, మీమో ఐనో చూసి, ఏ ఊళ్లో ఎవరింట ఏ పెళ్లికి కొన్న దండలోదో అడిగి రాసుకుంటాను. ఊరు పేరు పోయిన బిళ్ల బరువు మాత్రమే చెబుతుంది. ఊరితో సహా దాచిన బిళ్ల మనుషుల బతుకు చెబుతుంది.