చితి పేర్చడం తెలిసినవాడు

యలమంచిలి వైపు ఇంట్లో మనిషి పోతే, చుట్టాలతో పాటే కాటికాపరికీ కబురు వెళ్తుంది. పాడె లేచేసరికి కట్టె సిద్ధంగా ఉండాలి మరి.

చితి పేర్చడం గొప్ప పనితనం. పెద్దవాళ్ల శవానికి మూడు నాలుగు వందల కిలోల కట్టె పడుతుంది. అడుగున లావు మొద్దులు, నడుమ గాలి ఆడే సందులు. ఛాతీ, నడుము ఓ పట్టాన కాలవు, అందుకే బరువైన దుంగలు అక్కడ వేస్తాడు. మా తీరప్రాంతపు సరుగుడు పచ్చిదైనా అంటుకుంటుంది. వానాకాలం తడిసిన మామిడితోనే కష్టమంతా. గాలివాటం చూసి, నిప్పెక్కడ పెట్టాలో కొడుక్కి చెప్పేదీ అతనే.

దింపుడు కళ్ళం దగ్గర చెవిలో పేరు పిలుస్తాం, కుండ పగలగొడతాం, వెనక్కి చూడకుండా వచ్చేస్తాం. ఆ తర్వాత గంటల తరబడి కర్ర పట్టుకుని మంట సర్దుతూ అతనొక్కడే ఉండిపోతాడు. మన తండ్రిని చివరిదాకా కనిపెట్టుకుని ఉండేది మనం కాదు, అతను. సంచయనం నాడు బూడిదలో ఎముకలు గుర్తుపట్టి చేతికిచ్చేదీ అతనే. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నవాడికి ఊళ్లో ఎవరు ఏ ఇంటివాళ్లో తెలుసు. "మీ తాతగారిదీ ఇక్కడే బాబూ" అని చెప్పగలడు.

బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్య హరిశ్చంద్ర' నాటకంలో కాటిసీను కోసం మనవాళ్లు తెల్లవార్లూ మేలుకున్నారు. అందులో జాషువా శ్మశాన పద్యాలకు వన్స్‌మోర్లు కొట్టారు. రాజు కాటికాపరి అయితే కన్నీళ్లు పెట్టుకున్న ఊళ్లే, నిజం కాటికాపరిని కులం పేరు చెప్పి గుమ్మం బయటే నిలబెట్టాయి. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

2020 జూన్‌లో పలాసలో కరోనా భయంతో ఒక వృద్ధుడి శవాన్ని జేసీబీలో తరలించినప్పుడు రాష్ట్రమంతా తల్లడిల్లింది. దిక్కులేని వాళ్లకూ గౌరవంగా అంత్యక్రియలు జరగాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఆ గౌరవం ఎవరి చేతుల మీదుగా దక్కాలి? చాలా ఊళ్లలో ఆ చేతులకు జీతం లేదు, చనిపోయినవారి ఇంటివాళ్లు ఇచ్చిందే కూలి. బేరమాడకుండా ఇచ్చేవాళ్లు ఎందరు? పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా అతన్ని పనివాడిగా పుస్తకంలో రాసుకుని నెలజీతం ఇవ్వాలి. చేతులకు తొడుగులు, కట్టె తడవకుండా రేకుల షెడ్డు, కాళ్లు కడుక్కోవడానికి కుళాయి ఈ వానాకాలం లోపే ఏర్పాటు చేయాలి.