‘తార’: వాత్సల్యము చేసిన నేరము

మహేశ్ దత్తాని నాటకకర్త, చలనచిత్ర దర్శకుడు. 1990లో రంగమెక్కిన ఆయన ఆంగ్ల నాటకము ‘తార’లో భయము క్రౌర్యమునుండి గాక వాత్సల్యమునుండి పుట్టుచున్నది. దేహములు కలసి పుట్టిన కవలలకు కాళ్లు మూడు. మూడవ కాలికి రక్తము హెచ్చుగా ఆడుబిడ్డనుండియే ప్రసరించుచున్నను, తల్లియు మాతామహుడును దానిని మగబిడ్డకు ఇప్పించిరి. రెండు దినములలో అది నిర్జీవమైనది. పిదప తారపై తల్లి కురిపించిన ప్రేమ ప్రాయశ్చిత్తమే.

తండ్రి గుజరాతీ, తల్లి కన్నడిగ. తెలుగు, వంగ, హిందీ భాషలు కలసి వినవచ్చు రైల్వే పట్టణము ఖరగ్‌పూరులోని పాఠకునకు ఇట్టి యిల్లు వింత గాదు. ఆ యింట భాషలు రెండైనను మగబిడ్డపై మమకారము ఒక్కటే. నేరమును ఒక దుర్మార్గునిపై నెట్టి ఊరడిల్లుటకు దత్తాని తావీయలేదు. లండనులో తార కథ వ్రాయబూనిన చందన్ దానిని తన విషాదముగా మార్చుకొని, తుదకు ఆమెను క్షమాపణ వేడును. దేహమునందువలెనే కథయందును ఆమె భాగము అతనికే చెందినది.