బొమ్మ ప్రక్కన అక్షరము

మాఘమాసపు ముహూర్తములు దగ్గరపడిన ఒక సాయంకాలమున, మద్నూరులోని ఒక డీటీపీ దుకాణమునకు కొడుకు పెండ్లిపత్రిక వేయించుకొన వచ్చిన వృద్ధు డొకడు తెర వంక వంగి చూచి, “గణపతి బొజ్జ మీదికెల్లి మా వియ్యంకుని పేరు పోతున్నదేంది బిడ్డా?” అనెను. “జర ఆగుండ్రి కాకా, బొమ్మది తప్పు గాదు, పేరున్న పెట్టెది” అని దుకాణపు యువకుడు ఇన్‌డిజైనులో కంట్రోలు-బి నొక్కి, ‘ఇగ్నోర్ టెక్స్ట్ వ్రాప్’ ఎదుటి టిక్కు తీసివేసెను. వియ్యంకుని పేరు వినయముగా ప్రక్కకు తొలగెను.

సీసపు అక్షరముల నాడు ఈ చిక్కు లేదు. కంపోజిటరు బొమ్మ బ్లాకును ముందుగా నిలిపి, ప్రక్కన మిగిలిన వెడల్పునకు అక్షరములు పేర్చు స్టిక్కును కుదించుకొని పంక్తులు పేర్చెడివాడు. రెండును గట్టి వస్తువులే గనుక ఒకటి మరియొకదానిపై కెక్కుట అసాధ్యము. 1985లో ఆల్డస్ సంస్థ పేజ్‌మేకరును, 1999లో అడోబి ఇన్‌డిజైనును వెలువరించిన పిమ్మట పుట యనునది ఒకదానిపై నొకటి పరచిన పారదర్శకపు పెట్టెల దొంతర యైనది. ఏ పెట్టె మాట వినుటలేదో కనుగొనుటయే చికిత్సలో సగము. ఒక్కొక్కప్పుడు బొమ్మయే కనబడదు గాని అక్షరములు శూన్యము చుట్టు ఒదిగి నడచును. అప్పుడు దాచియుంచిన లేయరులో బొమ్మ మిగిలియుండునేమో చూడవలెను.

ఇంతవరకు ఏ భాషకైనను ఒకటే. తెలుగునకు ప్రత్యేకమైన కష్టము ఒత్తులది. ‘జ్యేష్ఠపుత్రుడు’ అను మాట గణపతి కిరీటమునకు సరిగా పైపంక్తిలో పడెనా, ఠవత్తు పోయి కిరీటమును తాకును. సరిహద్దు ఊరగుటచే ఇచ్చట పత్రిక తెలుగుతోపాటు మరాఠీలోను వేయుదురు. మరాఠీ అక్షరము శిరోరేఖనుండి వ్రేలాడును, తెలుగక్షరము నేలలోనికి వేళ్ళు దించును. కావున బొమ్మకు నాలుగు దిక్కుల సమానమైన ఎడము ఇచ్చుట తెలుగు ప్రక్కన చాలదు. పైన మరికొంత విడువవలెను.

బొమ్మకు ఇరువైపుల అక్షరములు పారించుట నాకు రుచింపదు. ‘వివాహమహోత్సవమునకు’ వంటి సంధిసమాసములు ఇరుకున పడినప్పుడు, పంక్తి రెండంచులు సమము చేయబూనిన యంత్రము మాటల నడుమ బండి తోలదగినంత సందు విడుచును; చూపు బొమ్మను దాటి ఆవలి ముక్కను వెదకుకొనవలెను. బొమ్మను ఒక అంచునకు జరిపి, ఎడమ అంచు మాత్రమే సమము చేయుట మేలు. ‘అను’ వంటి పాత తెలుగు ఫాంట్లలో తెలుగక్షరము ఆంగ్ల సంకేతములపై నిలిచినది గనుక, హైఫనేషను తీసివేయనిచో ప్రోగ్రాము ఆ మాటను ఇంగ్లీషని భ్రమించి, ఒత్తును అక్షరమునుండి విడదీసి క్రింది పంక్తికి దింపవచ్చును.

యువకుడు గణపతిని కుడి అంచునకు జరిపి, నమూనా కాగితము తీసి యిచ్చెను. వృద్ధుడు దానిని చేయిచాచి దూరముగా పట్టి, “ఇగ ఊపిరాడుతున్నది దేవునికి” అని, మరాఠీ వైపు త్రిప్పెను.