అల్పాకా కాపరుల నేర్పు

పెరూలోని పునో ప్రాంతంలో, 4,000 మీటర్ల పైన, పంటలు సరిగా పండని చోట క్వెచువా కుటుంబాలు అల్పాకాలను మేపుతాయి. ఉన్ని కత్తిరించడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఈతల వేళ చూసుకోవడమే అసలు విద్య అంటాను. చూడి కాలం 11 నెలలు దాటుతుంది, పుట్టేది దాదాపు ఎప్పుడూ ఒక్క పిల్లే. అందుకే వానలకు పచ్చిక లేచే జనవరి, మార్చి నెలల మధ్య ఈనేలా మగవాటిని మందలోకి వదులుతారు. ఈతలు ఎక్కువగా పగటిపూటే. ఆ కొండల రాత్రి చలికి తడి పిల్ల తట్టుకోవడం కష్టం మరి. ఊటనేలలకు చిన్న కాలువలు తీసి వానల్లేని నెలల్లోనూ మేత నిలుపుతారు.

బజారుకు తెల్ల ఉన్ని మీదే మోజు. అయినా కొందరు నల్లవాటినీ గోధుమరంగువాటినీ వదలకుండా పెంచుతున్నారు. ఆ మొండితనం నాకు భలే నచ్చుతుంది.