మండె తెలిసిన చేతులు

పేర్చిన పొగాకు మండెలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు కదలకుండా కూర్చునేవాడు మా పెద్దమావయ్య. చెయ్యి బయటికి తీశాక రెండు మాటల్లో ఏదో ఒకటే అనేవాడు: "ఉండనివ్వండ్రా" లేదా "తిప్పండ్రా". ఉండనివ్వమంటే ఆ పూట కొట్టంలోకి ఎవరూ అడుగుపెట్టేవాళ్లు కారు. తిప్పమంటే అన్నం ముందు కూర్చున్నవాళ్లు కూడా చెయ్యి కడుక్కుని లేచేవాళ్లు. ఆ ఇంట్లో జ్వరం చూసుకునే థర్మామీటరైనా లేదు. గోదావరి లంకల్లో పొగాకు మగ్గపెట్టే విద్య అంతా ఆ చేతిలోనే ఉండేది. నేను చుట్ట కాల్చను, ఎన్నడూ కాల్చలేదు. అయినా అంతటి పనితనం నా కళ్లతో ఇంకెక్కడా చూడలేదని ఎవరి ముందైనా చెబుతాను.

లంక అంటే ఏటి మధ్యలో ఇసుకా ఒండ్రూ పేరుకుని తేలిన నేల. శ్రావణ భాద్రపదాల్లో వరద దాని మీదికెక్కి, దిగేటప్పుడు కొత్త ఒండ్రు పరిచి పోతుంది. ఆ చెమ్మలో కార్తీకం నాటికి నారు నాటితే సంక్రాంతి దాటేసరికి మొక్క నడుం పైకి వస్తుంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక డెల్టా అంతా వరి అయిపోయింది గానీ, ఏటి గర్భంలో ఉన్న లంకలు తమ పంటలు తాము పండించుకుంటూనే వచ్చాయి. వాటిలో పేరున్నది పొగాకు. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో 'లంకా' అనే మాట ఉంది: గోదావరి డెల్టా దీవుల్లో పండే ఆకుతో చుట్టిన ఘాటైన చుట్ట, మద్రాసు రాజధానిలో బాగా మెచ్చే సరుకు అని. 1890 నాటి 'ద సైన్ ఆఫ్ ఫోర్'లో షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిదను బట్టి హంతకుణ్ణి ఎలా వెతకొచ్చో వాట్సన్‌కు చెబుతూ ఉదాహరణగా ఎత్తుకున్నది ఈ లంక చుట్టనే. ఇంగ్లండులో కూర్చుని డిటెక్టివ్ కథ రాసుకునే మనిషికి మన లంక పేరు తెలిసింది. ఈనాడు రాజమండ్రిలో చదువుకునే పిల్లలకు తెలియదు.

అసలు మొక్క మనది కాదు, పోర్చుగీసు ఓడల్లో వచ్చిందంటారు. బీజాపూరు నుంచి అసద్ బేగ్ అనే కొలువు ఉద్యోగి తెచ్చి అక్బరు పాదుషాకు చూపించాడని చరిత్రలో రాశారు. చర్చిల్ దొర కూడా మన ఆకే కాల్చేవాడని లంకల్లో ముసలివాళ్లు చెప్పుకుంటారు. సరే, ఆ సంగతులు అలా ఉంచుదాం. ఆకు ఎక్కడిదైనా, మగ్గపెట్టే చెయ్యి మాత్రం మనదే.

ఇప్పుడు పొగాకు అనగానే అందరికీ గుర్తొచ్చేవి బ్యారన్లు. 1920ల్లో గుంటూరు సీమలో పాతుకున్న వర్జీనియా ఆకుది ఆ పద్ధతి. మూసిన గదిలో కర్రలకు ఆకు కట్టి, కింద ఇనప గొట్టాల్లోంచి కట్టెల మంట వేడి పంపిస్తారు. ముందు ముప్పై అయిదు, నలభై డిగ్రీల దగ్గర ఆకును పసుపు తిరగనిస్తారు. ఆనక డెబ్భై దాకా పెంచి ఈనె ఎండగొడతారు. వారం తిరక్కుండా పని అయిపోతుంది. వేడికి ఆకు ప్రాణం తొందరగా పోవడంతో అందులోని చక్కెర ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. అందుకే అది పచ్చగా బంగారంలా మెరుస్తుంది, పొగ తియ్యగా ఉంటుంది. చూడటానికి అందమే, కాదనను. కానీ అది మంట చేసిన పని. కాలిన కట్టెల లెక్క తీస్తే కిలో ఆకుకు ఎన్నో కిలోలు తేలతాయి.

లంక ఆకు దారి వేరు. కోసిన ఆకు వెంటనే చావదు. తాడు మీద వేలాడుతూ రోజుల తరబడి ఊపిరి తీస్తూనే ఉంటుంది. లోపలి పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, ఆ చక్కెరను ఆకు తన ఊపిరికే ఖర్చు పెట్టుకుంటుంది. పచ్చదనం విరిగి పసుపు, పసుపు లోంచి ఎరుపు, ఆ పైన తేనెపట్టు రంగు. దీనికి నెల, నెలన్నర పడుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. వర్జీనియా పొగ పులుపు, దాన్ని ఊపిరితిత్తుల దాకా పీలిస్తే తప్ప ఎక్కదు. ఇలా గాలికి ఆరిన ఆకు పొగ క్షారం, నోట్లో ఉంచుకుంటే చాలు. చుట్ట కాల్చేవాడు గుండెల్లోకి పీల్చకపోవడానికి కారణం అదే.

పని చేలోనే మొదలవుతుంది. మొగ్గ కనపడగానే తల తుంచాలి. ఆనక వచ్చే పిలకల్ని వారానికోసారి గిల్లాలి. అప్పుడే సత్తువంతా ఆకులోకి దిగి మందం, ఘాటు వస్తాయి. ముదిరిన ఆకు మీద లేత పసుపు మచ్చలు పడతాయి, అంచులు కిందికి వంగుతాయి, వేళ్ల మధ్య మడిస్తే పెళుక్కుమని విరుగుతుంది. మంచు పూర్తిగా ఆరాక కొయ్యాలి. మా వైపు ఆకుతో పాటు చిన్న కాండం ముక్క ఉండేలా కత్తి వేస్తారు, తాడు మీద జారకుండా అదే కొక్కెం. కోసిన ఆకును చేలో కాసేపు వాడనిచ్చి, ఎండ కాటు పడకముందే నీడకు చేర్చాలి.

కొట్టంలో ఉన్నవి ఏమిటి? తాటాకు కప్పు, వెదురు వాసాలు, కొబ్బరి పీచు తాళ్లు, నాలుగు వైపులా తడికలు. అంతే సామాను. మొదటి వారం తాళ్లను దగ్గర దగ్గరగా కడతారు. ఆకు చెమ్మ ఆకుకే తగులుతూ మెల్లిగా పసుపు తిరగాలి. పసుపు నిండాక తాళ్లు ఎడం జరపాలి, లేకపోతే బూజు. ఇక్కడ తడికే తాళంచెవి. పడమటి గాలి తిరిగిందంటే పడమటి తడిక మూసెయ్యాలి. ఆ పొడిగాలి తగిలితే ఆకు పచ్చగా ఉండగానే ఎండిపోయి, ఆ పచ్చ రంగు ఇక చచ్చినా వదలదు, కాలిస్తే గడ్డి కంపు. సముద్రం మీది నుంచి తూర్పు గాలి వీస్తే పగలు తెరిచి రాత్రి మూయాలి. మా మావయ్య నిద్రలో కూడా గాలి మారితే లేచి కూర్చునేవాడు. అత్తయ్య సాక్ష్యం ఉంది.

ఒక మాఘంలో మూడు రోజులు విడవకుండా ముసురు పట్టింది. కొట్టం నిండా సగం ఆరిన ఆకు. చుట్టుపక్కల వాళ్లంతా ఊక కుంపట్లు పెట్టారు. మావయ్య పెట్టనివ్వలేదు, ఊక పొగ ఆకుకు పడితే ఆ కమురు ఏడాదైనా పోదని. లాంతరు పట్టుకుని రాత్రంతా తాడు విడిచి తాడు దించుతూనే ఉన్నాడు. దించినవి వసారాలోకి, ధాన్యం గదిలోకి, వంటింట్లోకి వచ్చాయి. నులకమంచాలు నిలబెట్టి వాటి కోళ్లకు కట్టాం. అత్తయ్య దేవుడి గది ఒక్కటే అడ్డుపడి దక్కించుకుంది. నాలుగో రోజు ఎండ కాసింది. అంత ఆకులో రెండు తాళ్లకే బూజు తగిలింది. ఆ రెండు తాళ్లనూ మంచి ఆకులో కలిపితే ఎవరికీ తెలియదు. మావయ్య వాటిని ఏటి గట్టుకు తీసుకెళ్లి తగలబెట్టి వచ్చాడు.

ఈనె ఫట్టున విరిగిందంటే ఆరడం పూర్తయినట్టు. అయినా పగటిపూట ఆకు మీద చెయ్యి వెయ్యకూడదు, పొడి పొడి అయిపోతుంది. తెల్లవారుజామున మంచు పదునుకు దించాలి. పదును వచ్చిందో లేదో చెవి చెబుతుంది: గుప్పిట్లో ఆకు నలిపి చెవి దగ్గర పెట్టుకుంటే గలగలమనకూడదు, పట్టుబట్ట నలిపినట్టు ఉండాలి. ఆ గంటసేపట్లోనే దించి, అడుగాకు, నడిమాకు, తలాకు ఏరుకోవాలి. పక్క లంకలో ఒక పెద్దావిడ ఉండేది. కళ్లకు శుక్లాలు పట్టాక కూడా బొటనవేలితో ఈనె తడిమి మూడు కుప్పలుగా ఏరేది. షావుకార్లు ఆవిడ కుప్పలు మళ్లీ విప్పి చూసేవాళ్లు కారు.

ఆ తరువాత మండె. ఎండుగడ్డి పరిచి, దాని మీద తాటాకులు వేసి, ఆకు కొసలు లోపలికీ మొదళ్లు బయటికీ ఉండేలా పేరుస్తారు. ఈనెలో మిగిలిన తడి మొదళ్ల గుండా బయటికి పోవాలి కదా. పైన చాప కప్పి బరువు పెడతారు. రెండు మూడు రోజుల్లో మండె దానంతటదే వేడెక్కుతుంది, ఏ నిప్పూ లేకుండా. మొదటి తిప్పులో కళ్లు మండే వాసన వస్తుంది, శుభ్రం చెయ్యని పశువుల సాల లాగా. అది ఆకులోంచి అమ్మోనియా వెళ్లిపోవడం. కొత్తవాళ్లు చెడిపోయిందని భయపడతారు. పైది కిందికి, లోపలిది బయటికి మార్చి మళ్లీ పేరుస్తారు. అలా తిప్పు తిప్పుకీ సాల వాసన తగ్గుతూ, పాత బెల్లం, ఎండు ఖర్జూరం వాసన ఎక్కుతుంది. ఒక పూట ముందు తిప్పితే ఆకు పచ్చిగా ఉండిపోతుంది. ఒక పూట ఆలస్యమైతే మధ్యలో మాడి, నలిపితే మసి రాలుతుంది. ఆ ఒక్క పూటా ఎప్పుడో చెప్పగలిగినవాడే మేస్త్రి.

మేలిమి ఆకు చుట్టి వెలిగిస్తే నిప్పు ఒక పక్కకు పరుగెత్తదు. తెల్లటి బూడిద అంగుళం పొడవు రాలకుండా నిలబడుతుంది. నీళ్లలో ఉప్పున్న చోట పెరిగిన ఆకు ఇలా కాలదు, ఆరిపోతూ ఉంటుంది. ఆకులోకి చేరిన క్లోరైడు నిప్పును నిలవనివ్వదు. ఏటి మంచినీటి లంకలకు పేరు ఊరికే రాలేదు.

ఇప్పుడు మనసు మండే మాట చెప్పాలి. రెండేళ్ల కిందట ఒక పట్నం సంతలో 'అసలైన లంక పొగాకు' అని అరుస్తూ కట్టలు అమ్ముతుంటే ఆగి ఒకటి కొన్నాను. ముక్కు దగ్గర పెట్టగానే అనుమానం వచ్చింది, బెల్లం పానకం వాసన తప్ప ఆకు వాసన లేదు. ఇంటికొచ్చి గాజు గ్లాసులో నీళ్లు పోసి ఒక ఆకు ముంచాను. అయిదు నిమిషాల్లో నీళ్లు కషాయం రంగు తిరిగాయి. ఆకు బయటికి తీస్తే పచ్చగా ఉంది! పచ్చి ఆకును నడి ఎండలో నాలుగు రోజులు మాడ్చి, రంగునీళ్లూ బెల్లపు నీళ్లూ చల్లి, నెలల పనిని వారంలో చేసేశామనుకున్నారు. ఆ కట్ట మీద లంక పేరు! పేరు పెట్టిన నోటికి సిగ్గుండాలి. ఆ కట్ట ధరా, నిజంగా మగ్గిన ఆకు ధరా ఒకటే. కొనేవాడికి తేడా తెలియదు, తెలిసిన షావుకారు చెప్పడు. ఇక రాత్రిళ్లు లేచి తడికలు మూసే మనిషి దేనికోసం మూయాలి?

వర్జీనియాకు 1976 నుంచి గుంటూరులో పొగాకు బోర్డు ఉంది, వేలం కేంద్రాలున్నాయి. లంక ఆకుకు షావుకారు నోటిమాటే వేలంపాట. అండ లేని ఆకు రైతు గతి ఏమిటో 2025లో నల్లబర్లీ పొగాకు పండించినవాళ్లు రోడ్డెక్కినప్పుడు రాష్ట్రమంతా చూసింది. ఇటు చుట్ట పోయి బీడీ, బీడీ పోయి సిగరెట్టు వచ్చాయి. లంకల్నేమో ఏరు కోసుకుపోతోంది, మిగిలిన వాటిలో అరటీ కూరగాయలూ వేస్తున్నారు. వేసుకోనీండి, రైతు బతకాలి.

పొగాకు మనిషిని తినేస్తుంది. మా మావయ్య కూడా నోట్లో పుండుతోనే పోయాడు. ఆఖరి రోజుల్లో గంజి కూడా మింగలేకపోయాడు, ఆ పక్కన కూర్చున్నవాణ్ణి నేను. కాబట్టి చుట్టలు కాల్చండని ఏ పిల్లవాడికీ చెప్పను. పంట తగ్గితే తగ్గనీండి. కానీ నిప్పు లేకుండా, యంత్రం లేకుండా, గాలినీ మంచునీ వాడుకుని ఒక ఆకును ఇలా మార్చవచ్చని కనిపెట్టిన బుద్ధి కూడా ఆకుతో పాటే పోవాలా? కేంద్ర పొగాకు పరిశోధన సంస్థగా 1947లో మొదలైన సంస్థ రాజమండ్రిలోనే ఉంది. అక్కడి చదువుకున్న పిల్లల్ని చేతులెత్తి అడుగుతున్నాను. మేస్త్రీలు ఇంకా కొందరు బతికే ఉన్నారు. మాఘంలో ఒక నెల వాళ్ల కొట్టాల్లో కూర్చోండి. ఏ గాలికి ఏ తడిక మూస్తారో, ఏ వాసనకు మండె తిప్పుతారో రాసుకోండి, ఫొటోలు తియ్యండి. వాళ్లు చెబుతారు, అడిగేవాళ్లే లేరు.

మా బావ కొడుకు ఇప్పటికీ పెరట్లో పది తాళ్ల ఆకు ఆరేసి చిన్న మండె పేరుస్తాడు, ఊళ్లో మిగిలిన నలుగురు ముసలివాళ్ల కోసం. మొన్న ఫాల్గుణంలో వెళ్లినప్పుడు నన్నూ చెయ్యి పెట్టమన్నాడు. మోచేతి దాకా దూర్చి, కళ్లు మూసుకుని, పది లెక్కపెట్టాను. వేడిగా ఉంది, తిప్పొచ్చేమో అన్నాను.

"వేడి కాదు మావయ్యా, అది అందరికీ తెలుస్తుంది" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఇంకో జానెడు లోపలికి తోశాడు. "చెమ్మ చూడు. అది మధ్య నుంచి మొదళ్ల వైపు బయలుదేరిందా, ఇంకా అక్కడే ఉందా?"

మళ్లీ పది లెక్కపెట్టాను. నాకు తెలియలేదు. వాడు నన్ను జరగమని, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని కూర్చున్నాడు.