గాటు పెట్టని గుమ్మడి

అక్టోబరు వచ్చిందంటే మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన, నేల మీద, మూడు నాలుగు బటర్‌నట్ గుమ్మడికాయలు చేరతాయి. రంగు గంధం, ఆకారం మంచినీళ్ళ కూజా. బోస్టన్ శివార్లలో ఉంటాం కాబట్టి దగ్గరి తోటల్లో పండినవే దొరుకుతాయి. తెచ్చిన రోజే సూప్ పెట్టేయాలని చేతులు దురద పెడతాయి గానీ పెట్టను. తీగ నుంచి తెంచిన కొత్తలో కాయ నిండా పిండే ఉంటుంది. చల్లగా, పొడిగా ఉన్న మూలన ఒక నెల పడి ఉండనిస్తే ఆ పిండిలో కొంత చక్కెరగా మారుతుంది. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం ఆ చలికి కాయ లోలోపల దెబ్బతింటుంది. అందుకే నేల మీదే ఉంచుతాను, రోజూ దాటుకుంటూ తిరుగుతాను, నవంబరు రెండో వారం దాకా ఓపిక పడతాను.

ఈ కాయకు పుట్టిల్లు మాకు దగ్గరే. 1940ల్లో ఇదే మసాచుసెట్స్‌లో, స్టో అనే చిన్న ఊళ్ళో, చార్లెస్ లెగెట్ అనే ఆయన మెడ వంకర తిరిగే గూస్‌నెక్ గుమ్మడితో పాటుపడి, మెడ తిన్నగా ఉండే కాయను తెచ్చాడు. వంకర కాయలు పెట్టెల్లో సర్దడానికి కుదరవు, కోయడానికీ కుదరవు. తన కాయను వాల్తమ్‌లో ఉన్న వ్యవసాయ పరిశోధన క్షేత్రానికి పట్టుకెళ్ళి చూపించాడు. ఆ మెడ మళ్ళీ వంకర పోకుండా అక్కడి రాబర్ట్ యంగ్ స్థిరపరచిన రకమే వాల్తమ్ బటర్‌నట్. 1970లో దానికి ఆల్ అమెరికా సెలక్షన్స్ గుర్తింపు వచ్చింది. నేను ఆరేళ్ళు వాల్తమ్ మీదుగానే ఉద్యోగానికి వెళ్ళొచ్చాను. నా పళ్ళెంలోకి వచ్చే కాయ పేరులో ఆ ఊరు ఉందని అప్పుడు తెలియదు. తెలిశాక ఆ ఊరంటే ఒక మమకారం పుట్టింది.

ఇంకో చుట్టరికం కూడా ఉంది. బటర్‌నట్‌ది కుకుర్బిటా మోస్చాటా జాతి. మన అంగళ్ళలో ముక్కలు కోసి అమ్మే తీపి గుమ్మడి కూడా చాలావరకు ఆ జాతిదే. దిష్టికి కట్టే, వడియాలు పెట్టే బూడిద గుమ్మడి ఆసియాది. తీపి గుమ్మడి మాత్రం అమెరికా ఖండాల్లో పుట్టి, కొలంబస్ తర్వాతి ఓడ ప్రయాణాల కాలంలో మన వైపు వచ్చింది. అంటే మా అమ్మ బెల్లం, చింతపండు వేసి కాచే గుమ్మడికాయ పులుసూ, నేను ఇక్కడ పెట్టే సూపూ ఒక్క ఇంటి ఆడపడుచులే.

అసలు సంగతి నీళ్ళ దగ్గరుంది. 100 గ్రాముల పచ్చి బటర్‌నట్ గుజ్జులో 86 గ్రాముల దాకా నీళ్ళే. ముక్కలు కోసి, నీళ్ళలో ఉడికించి, రుబ్బితే నీళ్ళకు నీళ్ళు కలిపినట్టవుతుంది. నేను మొదట్లో అలాగే చేశాను. పలచగా, నీరసంగా వచ్చేది. దాన్ని నిలబెట్టడానికి క్రీమ్ పోసేదాన్ని, చాలకపోతే ఇంకొంచెం. అప్పుడు క్రీమ్ రుచే మిగిలేది, గుమ్మడి రంగుకే పనికొచ్చేది. ఓవెన్‌లో కాల్చితే మొదట జరిగేది నీళ్ళు పోవడం. రెండోది, నెమ్మదిగా వేడెక్కుతున్నప్పుడు కాయలోని పిండి ఇంకాస్త తీపిగా మారడం. మూడోది, నీరు ఇంకిన చోట అంచులు ఎర్రబడి, కాలిన బెల్లం లాంటి వాసన రావడం. నీళ్ళలో ఉడికేదానికి ఆ మూడోది ఎప్పటికీ రాదు. నీళ్ళు ఎంత మరిగినా 100 డిగ్రీల సెల్సియస్ దాటవు, ఎర్రబడడానికి అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి.

మన భాషలో దీనికి చక్కని మాట ఉంది, ఇగరడం. నీరు పోయి సారం మిగలడం. చేపల ఇగురు, వంకాయ ఇగురు అని రోజూ అంటూనే ఉంటాం. సూప్ అంటే నీళ్ళ వంటకం కదా అనుకుని, దాని మొదటి అడుగు ఇగర్చడమేనని నేను చాలా ఏళ్ళు గ్రహించలేదు. చివరికి ఆ దారి చూపించింది మా అమ్మ, అదీ సూప్ గురించి ఆలోచించి కాదు.

మా ఇంట్లో నిండు గుమ్మడికాయకు ఆడవాళ్ళు మొదటి గాటు పెట్టరు. అమ్మ కాయను కత్తిపీట పక్కన పెట్టుకుని నాన్న కోసం కూర్చునేది. నాన్న వచ్చి కత్తి మొనతో ఒక్క గాటు పెట్టి వెళ్ళేవాడు. ఆ తర్వాత పనంతా అమ్మదే, తొక్క తీయడం, ముక్కలు కోయడం, పులుసు కాచడం. కారణం అడిగితే, పెద్దల నుంచి వస్తున్నదే అనేది. నాన్న పోయాక అమ్మ నిండు కాయ కొనడం మానేసింది. కోసిపెట్టిన ముక్కే బజారు నుంచి తెచ్చుకునేది. ఆ మార్పు నేను సెలవులకు వెళ్ళినప్పుడు గమనించాను. గమనించి, ఏమీ అడగలేకపోయాను.

మూడేళ్ళ క్రితం అమ్మ ఆరు నెలలకని మా దగ్గరకు వచ్చింది. నవంబరులో ఒక మధ్యాహ్నం నేను కాయను చెక్కపలక మీద పెట్టి కత్తి తీశాను. 

"అల్లుడుగారు రానీ, ఆయన చేత ఒక గాటు పెట్టించు" అంది.

"ఆయన రాత్రికి గానీ రారమ్మా. ఇన్నేళ్ళూ నేనే కోసుకుంటున్నాను."

"నువ్వు కోసుకున్నావు సరే. నేనున్నప్పుడు వద్దులే" అంది. కాసేపు కాయను అటూ ఇటూ తిప్పి చూసి, "కొయ్యడమెందుకే? వంకాయ కాల్చినట్టు కాల్చెయ్యి" అంది.

పచ్చడికి వంకాయ ఎలా కాలుస్తామో అలాగే చేసింది. నూనె రాసింది, ఫోర్కు తీసుకుని పది పన్నెండు చోట్ల పొడిచింది. పొడవడం గాటు కిందికి రాదా అని అడిగితే, "వంకాయకి పొడవమూ? అది ఆవిరి పోవడానికి" అంది. నిజమే, పొడవకపోతే లోపలి ఆవిరికి దారి ఉండదు, కాయ పగలొచ్చు. 400 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో, అంటే సుమారు 200 సెల్సియస్‌లో, మూడు పౌండ్ల కాయకు గంటంబావు పట్టింది. తొక్క ముడతలు పడి, అక్కడక్కడ నల్లబడి, వేలితో నొక్కితే లోపలికి పోయింది. ఉడికిన కాయకు పట్టింపు లేదట. అమ్మే చెంచాతో నిలువునా చీల్చింది. పచ్చి బటర్‌నట్ తొక్క తీసిన చేతులకు ఆ బాధ తెలుసు. జారుతుంది, రసం ఎండి వేళ్ళ మీద పొర కట్టి చర్మాన్ని బిగబట్టేస్తుంది. కాలిన కాయ తొక్క మాత్రం ఉల్లిపొరలా ఊడొచ్చింది.

గుజ్జు గిన్నెలోకి తీశాక అడుగున నీరు ఊరింది. రుచి చూస్తే తియ్యగా ఉంది గానీ, కోసి కాల్చినప్పుడు వచ్చే ఎర్రటి అంచుల రుచి లేదు. తొక్క చాటున ఆవిరిలోనే మగ్గింది మరి. అమ్మ కూడా నాలుక మీద వేసుకుని, "నీరోడుతోందే, మూకుట్లో వేసి ఇగరనియ్యి" అంది. నేను మూకుడికి బదులు అదే ఓవెన్ ట్రే మీద గుజ్జును పలచగా పరిచి, కాస్త వెన్న చుక్కలు వేసి, మళ్ళీ లోపల పెట్టాను. ఇరవై ఐదు నిమిషాలు. మధ్యలో ఒకసారి గరిటెతో తిరగేశాను. నీరంతా పోయింది, అంచులు దోసె అంచుల్లా ఎర్రబడ్డాయి, ఇల్లంతా వాసన. ఇన్నేళ్ళుగా నేను వెతుకుతున్న చిక్కదనం ఆ ట్రే మీద ఉంది.

అప్పటి నుంచి అదే నా పద్ధతి. తొందర ఉన్న రోజున నిలువుగా రెండు చెక్కలు చేసి, కోసిన వైపు ట్రేకి ఆనించి కాలుస్తాను. అదీ బాగానే ఉంటుంది. చిన్న ముక్కలు కోసి ఇరుకుగా పోస్తే మాత్రం ఒకదాని ఆవిరిలో ఒకటి ఉడికిపోతాయి, కాలవు. ముక్కకూ ముక్కకూ ఖాళీ ఉండాలి.

మిగతా పని త్వరగానే అవుతుంది. పెద్ద ఉల్లిపాయ ఒకటి, సన్నగా తరిగి వెన్నలో సన్నసెగ మీద, రంగు రాకుండా కరిగిపోయే దాకా. కాయతో పాటే కాల్చిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు. అందులో గుజ్జు వేసి, వేడినీళ్ళు ఒక్కసారిగా కాకుండా కప్పు కప్పు చొప్పున. దోసెల పిండి జారుకు రావాలి. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత నిలవాలి. ఉప్పు, మిరియాల పొడి, జాజికాయ రెండు గీతలు. క్రీమ్ ఇప్పుడు రెండు చెంచాలకు మించదు. ఒక్కోసారి అసలు వేయను.

రుబ్బేటప్పుడు జాగ్రత్త గురించి ఒక్క మాట చెప్పాలి, దీని మీద నాకు పట్టుదల ఉంది. వేడి సూప్‌ను మిక్సీ జార్‌లో నిండా పోసి మూత బిగించకండి. లోపల ఆవిరి పెరిగి మూతను ఎగదన్నుతుంది. నా ఎడమ మణికట్టు మీద ఇప్పటికీ రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. సగానికి మించి పోయకుండా, మూత మధ్య బిరడా తీసేసి, మడత పెట్టిన తువ్వాలు అడ్డం ఉంచి, నెమ్మది వేగంతో మొదలుపెట్టాలి. గిన్నెలోనే దించి తిప్పే చేతి బ్లెండర్ ఉంటే మేలు. రెండు నిమిషాలు తిప్పితే నున్నగా అయిందనిపిస్తుంది. ఇంకో రెండు నిమిషాలు తిప్పండి, అప్పుడు పట్టులా వస్తుంది.

మొదటి పదేళ్ళు నేను దీనికి తాలింపు వేసేదాన్ని. ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకు. బాగుండేది, కాదనను. కానీ తాలింపు పడ్డాక అది పులుసు కాని పులుసు అయ్యేది, ఈ నేల మీద పండిన కాయకు తన మాట తాను చెప్పుకునే వీలు ఉండేది కాదు. ఇప్పుడు ఇక్కడివాళ్ళు వాడే సేజ్ ఆకులు నాలుగు వెన్నలో కరకరలాడించి పైన వేస్తాను. మన ఊళ్ళో తీపి గుమ్మడితో చేసేవాళ్ళకు నా సలహా ఒక్కటే, ఆ కాయలో నీరు ఎక్కువ, కాబట్టి రెండోసారి ట్రే మీద ఇంకో పావుగంట ఇగరనివ్వండి.

ఆ రోజు అమ్మ సూప్ చెంచాతో తాగి, పెదాలు చప్పరించి, "అంతా బాగుంది, పులుపేదీ?" అంది. జీవితమంతా పులుసు కాచిన మనిషి అడిగే ప్రశ్న అది. అరచెక్క నిమ్మకాయ పిండాను. అప్పటిదాకా మందంగా కూర్చున్న తీపి ఒక్కసారిగా లేచి నిలబడింది. ఇప్పుడు నిమ్మరసం లేకుండా నేను గిన్నె దించను.

అమ్మ ఇక్కడున్నప్పుడే, జనవరి 1న మా పక్కింటి హైతీ ఆవిడ గుమ్మడి సూప్ తెచ్చిచ్చింది. వాళ్ళు దాన్ని సూప్ జూమూ అంటారు. మాది రుబ్బిన సూప్, వాళ్ళది మాంసం, కూరగాయలు, సేమ్యా లాంటివీ వేసి కాచేది. అమ్మ కోసం మాంసం లేకుండా చిన్న గిన్నెలో విడిగా వండింది. 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది. అంతకుముందు ఫ్రెంచి యజమానుల కోసం బానిసలు ఈ సూప్ వండేవారనీ, వాళ్ళకు మాత్రం దాన్ని తినే హక్కు ఉండేది కాదనీ ఆవిడ చెప్పింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజున అందరూ అదే సూప్ తాగారని, అందుకే ఏటా ఆ రోజున తాగుతామని చెప్పింది. 2021లో యునెస్కో ఆ వంటను సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. నేను తెలుగులో చెబుతుంటే అమ్మ వింటూ, "వండించుకుని తిననివ్వకపోవడమేమిటే!" అంది. చాలాసేపు ఇంకేమీ మాట్లాడలేదు. గిన్నె అడుగంటా వేలితో తుడుచుకుని తింది. 

తర్వాతి వారం నేను మళ్ళీ కాయ తీసినప్పుడు అమ్మ మళ్ళీ ఫోర్కే అందుకుంది.

ఆ చలికాలం గింజలన్నీ అమ్మే కడిగింది. నార వలిచి, పాత పేపరు మీద పరిచి, వంటింటి కిటికీలో పెట్టింది. సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకే రోజులు. ఎండ ఎటు జరిగితే పేపరు అటు జరిపేది. కాలిన కాయలవి వేయించుకోవడానికి, అల్లుడి చేత గాటు పెట్టించిన ఒక పచ్చి కాయలోంచి లావుపాటివి కొన్ని విత్తనానికి వేరు చేసింది. విత్తనాలకు కాస్త బూడిద కావాలంది. మా ఇంట్లో బూడిద ఎక్కడిది? చివరికి కాగితం పొట్లం కట్టి, దాని మీద తన చేతి రాతతో 'గుమ్మడి' అని రాసి, అలమరలో మెంతుల సీసా వెనక పెట్టి వెళ్ళింది.

మే నెలాఖరుకు, మంచు భయం పోయాక, వాటిలో నాలుగు పెరట్లో పాతాను. మూడు మొలిచాయి. ప్రతి ఆదివారం ఫోన్‌లో అమ్మ నా ఒంట్లో ఎలా ఉందని అడిగేలోపే పాదు ఎంత పాకిందని అడిగేది. సెప్టెంబరులో రెండు కాయలు దిగాయి. ఒకటి తిన్నని మెడతో, ఇంకొకటి కాస్త వంకరగా. వీడియోలో చూపిస్తే వంకర కాయనే దగ్గరగా చూపించమంది. "దాన్ని నేను వచ్చేదాకా ఉంచు" అంది.