శుభలేఖలో చేప

మాఘమాసం పెళ్లిళ్లు ముగిసేసరికి ప్రతి ఇంట్లో శుభలేఖల కట్ట ఒకటి తేలుతుంది. పారేయడానికి మనసొప్పదు, దాచుకుని చేసేదేమీ ఉండదు. నా వరకు వాటికి ఒక మంచి ఉపయోగం ఉంది. అట్ట మందంగా, నున్నగా ఉంటుంది కనుక రంగు తడికి తొందరగా మెత్తబడదు. వినాయకుడున్న పేజీ పక్కన పెట్టేసి, మిగతా దాంట్లో చేపో మామిడిపిందో గాలిపటమో కత్తిరిస్తే స్టెన్సిల్ తయారు. ఇదివరకు పాత ఎక్స్‌రే ఫిల్ముల్ని కడిగి ఈ పనికి వాడేవాళ్లు. ఇప్పుడు ఎక్స్‌రేలు కూడా ఫోన్లోకే వస్తున్నాయి!

మూడేళ్ల పిల్లకైతే ఒకే బొమ్మ, అరచేయంత పెద్దది చాలు. కన్నూ పొలుసులూ కోయక్కర్లేదు. పేరు రాయించాలని సరదాపడి తెలుగు అక్షరాలు కోస్తే మాత్రం చిక్కే. మన లిపి గుండ్రన కదా, ‘ర’ కోయగానే నడిమి ముక్క ఊడి చేతికొస్తుంది. బియ్యం బస్తాల మీద స్టెన్సిల్‌తో అద్దిన సున్నా ఎప్పుడైనా చూడండి, రెండు చోట్ల తెగి ఉంటుంది. లోపలి ముక్క రాలిపోకుండా పట్టి ఉంచే సన్నటి కాడల గుర్తులవి.

కత్తిరించడం పెద్దవాళ్ల పని. నన్నడిగితే, పెద్దవాళ్ల పని అక్కడితో సరి.

రంగు కోసం బజారుకు వెళ్లక్కర్లేదు. పావు కప్పు కార్న్‌ఫ్లోర్‌ను కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద జావకన్నా చిక్కబడేదాకా తిప్పాలి. చల్లారాక మూడు గిన్నెల్లోకి తీసి ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో బీట్‌రూట్ రసం, ఇంకోదాంట్లో పాలకూర రసం కలపడమే. ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులుంటుంది. వేలు నోట్లో పెట్టుకోవద్దని ఆ వయసు పిల్లలకు చెప్పి లాభం లేదు, కాబట్టి నోట్లోకి వెళ్లినా ఫరవాలేని రంగే ఇవ్వాలి. రోమ్‌లో బడి నడిపిన అమెరికన్ టీచర్ రూత్ ఫైసన్ షా కూడా ఇందుకే తంటాలు పడింది. దెబ్బకు అయోడిన్ రాసుకు రమ్మని పంపిన పిల్లవాడు దాన్ని స్నానాలగది గోడకు పులుముతూ దొరికాడట. తిట్టి ఊరుకోకుండా, నోట్లో పెట్టుకున్నా హాని చేయని చిక్కటి రంగు తయారుచేసి, 1934లో వేళ్లతో బొమ్మలు వేయడం మీద పుస్తకమే రాసిందావిడ.

స్టెన్సిల్ మీద రంగును రుద్దకూడదు, అద్దాలి. రుద్దితే అంచు కిందికి దూరుతుంది. రంగు పల్చనైనా అంతే. పిల్లలు రుద్దుతారు, అది వేరే సంగతి. చేపకు మీసాలొస్తాయి. రానివ్వండి. ఈ మధ్య ఒక ప్లేస్కూల్ ఫైలు చూశాను. తరగతిలో ఇరవై మంది ఉంటే ఇరవై చేపలూ ఒకే అచ్చు, ఒక్క చుక్క గీత దాటితే ఒట్టు. అందులో పిల్ల వేలు ఎక్కడ పడిందో భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. అలాంటి ఫైలు చూసి మురిసిపోయేది మనమే కనుక టీచర్లను అనడానికీ నోరు రాదు.

మన ఇళ్లలో ఈ విద్య కొత్తేమీ కాదు. కృష్ణాష్టమినాడు పిడికిలి పక్కభాగాన్ని బియ్యప్పిండి నీళ్లలో ముంచి నేలకద్ది, పైన వేలికొసలతో ఐదు చుక్కలు పెడితే చిన్నికృష్ణుడి పాదం. గడప నుంచి దేవుడిగది దాకా ఆ అడుగులు వేసే పని పిల్లల పిడికిళ్లకు ఇస్తే ఒక అడుగు తూర్పుకు, ఒకటి పడమటికి పోతాయి. వెన్నకోసం వచ్చే దొంగ తిన్నగా నడుస్తాడా? ఇప్పుడు వాటికీ స్టిక్కర్లు అమ్ముతున్నారు.

అట్ట కోసినప్పుడు ఊడిన చేప ముక్కను చెత్తబుట్టలో వేయకండి. పిల్లల కన్ను ముందు దానిమీదే పడుతుంది. “అమ్మమ్మా, ఇది నాకు!” అని లాక్కుని, కాగితం మీద పెట్టి చుట్టూ రంగద్ది, ముక్క తీశాక మధ్యలో మిగిలిన తెల్లచేపను చూసి మా మనవరాలు వేసిన కేక పక్కింటికి వినబడింది. రంగు వేయనిచోట బొమ్మ ఎలా వచ్చిందన్నది దాని అనుమానం. తర్వాత చేప ముక్క బదులు తన చెయ్యే పెట్టింది. ఇండోనేషియాలోని సులవేసి దీవి గుహల్లో మనుషులు చేసిందీ అదే, రాతికి చెయ్యి ఆనించి చుట్టూ ఎర్రరంగు చిమ్మారు. వాటిలో ఒక చేతిగుర్తు కనీసం 39,900 ఏళ్ల నాటిదని 2014లో తేల్చారు.

పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే ఇంకో వినోదం ఉంది. పసుపుతో అద్దిన చేప మీద వంటసోడా కలిపిన నీళ్లు వేలితో తాకిస్తే, తాకినచోటల్లా ఇటుకరంగుకు తిరుగుతుంది. దానిమీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపే. పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసినప్పుడు ఎరుపు వచ్చేదీ ఇందుకే, కానీ సున్నం చర్మాన్ని కాలుస్తుంది, పిల్లల చేతికివ్వకండి. గౌను మీద పసుపు పడితే ఉతికి ఎర్రటి ఎండలో ఆరేయండి, ఆ రంగు ఎండకు వెలిసిపోతుంది. బీట్‌రూట్ మరకైతే ఆరకముందే చన్నీళ్లలో జాడించాలి.